రాహేలవ్వకు మూడు నిమిషాలు

ఒక ఆదివారం ఉదయం, నిండుగా ఉన్న మా మందిరాన్ని నేను ఒక్క చేతిగంటతో సగం ఖాళీ చేశాను. వాన రాలేదు, పాము రాలేదు, పోలీసులు రాలేదు. అంతా నా ఒక్కడి ప్రతిభే. ఈ సంగతి ఇన్నాళ్లూ నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు. పలమనేరు చుట్టుపక్కల సంఘాలన్నిటికీ అది ముందే తెలుసు. పోయిన నెల రాహేలవ్వను సమాధి చేసి వచ్చాం. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. ఆమె ఉండగా రాసి ఉంటే, దీన్ని కూడా ప్రార్థనలో పెట్టేది.

ఆరేళ్ల కిందటి మాట. బర్మాలో యుద్ధం జరుగుతోంది. నాకు ఇరవై నాలుగేళ్లు. ఉపదేశిగా శిక్షణ ముగించి, పెట్టె నిండా పుస్తకాలతో, తల నిండా సంస్కరణలతో పలమనేరు దగ్గరి ఈ పల్లెకు వచ్చాను. పెంకుల కప్పు కింద ఒకటే పొడుగాటి గది. ఆదివారం అది మందిరం, మిగతా రోజుల్లో బడి. రెండింటికీ నేనే అయ్యవారిని; ఊరివాళ్ల నోట ‘ఐవారు’. నా పైన పాదిరి, పెద్దయ్యగారు, చిత్తూరు నుంచి నెలకొకసారి వచ్చి ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి వెళ్లేవారు.

ఆ సంఘంలో నాకు కనిపించిన జబ్బు ఒకటే. ఆరాధన మూడు గంటలు సాగేది. అందులో మూడో వంతు రాహేలవ్వది.

ఆమె వేరుశెనగ చేలల్లో కూలికి వెళ్లే ముసలామె. అక్షరం రాదు. ప్రార్థనకు పిలవగానే కొంగు తలమీదికి లాక్కుని లేచేది. వీధి మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి, ఎవరి ఆవు ఈనలేదో, ఎవరి అల్లుడు అలిగిపోయాడో, ఎవరి మోకాలు వాచిందో దేవునికి వివరంగా విన్నవించేది. చంటిపిల్లలు నిద్రపోయి, లేచి, పాలు తాగి మళ్లీ నిద్రపోయేవాళ్లు. ఆమె ఇంకా వీధి మలుపు దగ్గరే ఉండేది. కడపటి ఇల్లు దేవమ్మది. దేవమ్మ ఒక్కగానొక్క కొడుకు దానియేలు పట్టాళంలో చేరి బర్మా వైపు వెళ్లాడు. నాలుగు నెలలుగా జాబు లేదు.

నేను నిబంధన పెట్టాను: ఒక్కో ప్రార్థనకు మూడు నిమిషాలు. బల్ల మీద నా గడియారం, దాని పక్కన బడి గంట. పాఠకులు ఇక్కడ ఆగి, ‘బడి గంట’ అన్న మాటను మరొకసారి చదువుకోవాలని మనవి. ఆ రోజు నేను ఆ పని చేయలేదు.

మూడు నిమిషాలకు రాహేలవ్వ నాలుగో ఇంట్లో ఉంది. "దేవా, మన తిమోతి కాలు సూడు, ఎట్ల వాసిందో..." గణగణ వాయించాను.

ముందు చాపల మీద కూర్చున్న ముప్పై మంది పిల్లలు ఒక్కసారిగా లేచి, కేకలు పెడుతూ రెండు వాకిళ్లలోంచి బయటపడ్డారు. ఆ గంటకు వాళ్లకు తెలిసిన అర్థం ఒకటే. పిల్లల వెనక తల్లులు, తల్లుల వెనక "ఏమాయనమ్మే, యాడన్నా అగ్గి పడిందా?" అంటూ ముసలివాళ్లు.

రాహేలవ్వ ఒక కన్ను తెరిచింది.

"ఎవురప్పా గంట కొట్టింది?"

"నేనే అవ్వా. మూడు నిమిషాలయింది."

"దేవుడు సెప్పినాడా?"

"లేదు, గడియారం చెప్పింది."

"అది యాడిది?"

"చిత్తూరులో కొన్నాను."

"అట్లనా," అని ఆమె మళ్లీ కన్ను మూసుకుంది. "దేవా, సిత్తూరు గడియారమంట. టైమయిపోయిందంట. మిగిలింది ఇంటికాడ సెప్తా, ఆడికి రా. ఆమెన్."

మిగిలినవాళ్లంతా నవ్వారు. దేవమ్మ నవ్వలేదు. గోడ పట్టుకుని లేచింది.

"ఐవారా, మా దానియేలు పేరు రాలేదే."

"వచ్చే వారం వస్తుందిలేమ్మా."

"అందాక వాడెట్ల?"

నా పుస్తకాల్లోంచి ఒక సమాధానం వెతికి తీశాను. "దేవునికి అన్నీ తెలుసు. పేరు చెప్పాల్సిన పని లేదు."

"ఆయనకు తెల్సు నాయనా," అంది రాహేలవ్వ. "ఆ తల్లి ఇనాల కదా."

ఆ మాట నాకు వినపడలేదు. చెవులు బాగానే ఉండేవి. ఆ వయసులో నేను వాటికి పని చెప్పేవాణ్ని కాను.

తర్వాతి ఆదివారం పిల్లల్ని గోడవైపు మళ్లించి, వాకిళ్ల దగ్గర ఇద్దరు పెద్దమనుషుల్ని కాపలా పెట్టి నా సంస్కరణ సాగించాను. ఆరాధన గంటన్నరకు దిగింది. ఆ ఘనకార్యాన్ని పెద్దయ్యగారికి రెండు పేజీల జాబులో రాశాను. ఆ పై ఆదివారం ఆయనే చూడడానికి వచ్చారు.

"ప్రార్థించేవారు ప్రార్థించవచ్చు," అన్నాను. ఎవరూ లేవలేదు. గడియారం ఒక్కటే మాట్లాడుతోంది.

"ఏమ్మా, ఈ ఊళ్లో ఎవరికీ కష్టాలు లేవా?" అన్నారు పెద్దయ్యగారు.

"ఉండాయయ్యా," అంది రాహేలవ్వ. "తెల్లారే దేవమ్మ అరుగు మీద అందరం కూడి సేసుకోని వచ్చినాము. ఐవారికి పని తగ్గిచ్చినాము."

"అందరూనా?"

"ఐవారు తప్ప. ఆయనకు టైము సాలదు కదా."

పెద్దయ్యగారు జేబురుమాలుతో చాలాసేపు మూతి తుడుచుకున్నారు. తర్వాత గంటను తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. "ఇక్కడ కూడా చెయ్యి అవ్వా. ఈసారి కడపటి ఇంటి నుంచి మొదలుపెట్టు."

"దేవా, మా దేవమ్మ కొడుకు దానియేలు. పొడుగ్గా ఉంటాడు. ఎడమ సెవి కాడ మచ్చ ఉండాది. అంత మంది సిపాయిల్లో కనుక్కోవల్ల గదా, అందుకని సెప్తా ఉండా."

దేవమ్మ కళ్లు మూసుకుని, మెల్లగా ఊపిరి వదిలింది. మందిరంలో ఆ పేరు వినడానికి ఆమె రెండు వారాలుగా దాన్ని బిగబట్టి ఉందని నాకు అప్పుడు కనిపించింది.

రాహేలవ్వ ఇల్లిల్లూ దాటుకుంటూ మందిరం పక్కనున్న నా గది దాకా వచ్చింది.

"దేవా, ఈ ఐవారు మంచోడే. తొందర తప్ప ఏరే రోగం ల్యాదు. అమ్మ యాడో దూరంగా ఉండాది, యాళకు తినడు. రొంత ఓపిక ఇయ్యి. శానా ఇయ్యొద్దు, మల్లా ప్రసంగం పొడుగు సేస్తాడు."

సంఘమంతా ‘ఆమెన్’ అంది. ఆ మందిరం కట్టిన తర్వాత అంత గట్టి ఆమెన్ పుట్టలేదు. గోడ మీది బల్లి కింద పడింది.

ఆ ఏడే సంఘ పెద్దల్లో రాహేలవ్వను చేర్చుకున్నాం. అంతవరకు ఆడవాళ్లెవరూ ఆ వరుసలో కూర్చోలేదు. ఆమె పేరు చెప్పింది నేనే. నా ఉపదేశి జీవితంలో గర్వంగా చెప్పుకోగల పని అదొక్కటే. దానియేలు రెండు వేళ్లు పోగొట్టుకుని తిరిగి వచ్చాడు. పోయిన నెల రాహేలవ్వ శవపెట్టెకు భుజం పట్టినవాళ్లలో అతనొకడు. సమాధి దగ్గర ప్రార్థన నాది. ప్రతి ఇంటి పేరూ చెప్పాను. ఎంతసేపు పట్టిందో తెలియదు, ఎవరూ కదల్లేదు.

కాబట్టి పాఠకుల సమక్షంలో కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. దేవునితో మాట్లాడుతున్న మనిషికి నేను ఇకమీదట నిమిషాలు లెక్కపెట్టను. నా ప్రసంగానికి లెక్కపెట్టేవారికి మాత్రం పూర్తి స్వేచ్ఛ ఉంది. సంఘం దాన్ని ప్రతి ఆదివారం వాడుకుంటూనే ఉంది.