ఎల్లమ్మ లంగా

మేం బతుకుదెరువుకు వలసొచ్చిన టెంఘర్‌లో మా పక్కింటి పెద్దమ్మ, బోనాల ఊరేగింపులో ఎల్లమ్మ వేషానికి ఏటా బట్టలు చేత్తోనే కుట్టేది. "అమ్మోరు కొన్న బట్ట కట్టదు బిడ్డా" అనేది. ఆ వేషం ఎప్పుడూ ఆమె కూతురే కట్టేది.

మొన్నటేడు పండుగకు ముందు, తను పనిచేసే మాన్కోలి గోదాంలో బట్టల బేళ్లు మీదపడి ఆ పిల్ల చనిపోయింది. దినాలు కాగానే పెద్దమ్మ, సగంలో ఆగిన ఎర్ర లంగాను పూర్తిచేసి మా ఇంటికి తెచ్చింది.

"ఈసారి నువ్వు కట్టుకోవాలె."

కట్టుకుంటే నాకు నడుము దగ్గర చాలా వదులైంది. "జర బిగించి కుట్టు పెద్దమ్మా" అన్నాను.

ఆమె లంగాను గట్టిగా పట్టుకుంది. "వద్దు బిడ్డా. అది నా బిడ్డ కొలత. గది గూడ చెరిపేస్తే నాకేం మిగుల్తది?"

ఊరేగింపు పొడవునా ఒక చేత్తో నెత్తిమీది బోనాన్ని, ఇంకో చేత్తో జారిపోతున్న లంగాను పట్టుకుని నడిచాను.