ఎదురు బండి అడిగే మాట

విన్నిపెగ్‌లో మాలాంటి కొత్త విద్యార్థులతో కిక్కిరిసిన బస్సులో, నా పక్కన కెన్యా నుంచి వచ్చిన క్లాస్‌మేట్ వాంజికు కూర్చుంది. చదువయ్యాక వాళ్ల దేశంలో సఫారీకి వెళ్తానన్నాను.

"సెల్ఫ్ డ్రైవ్ చేస్తా. నచ్చినచోట ఆగొచ్చు."

"వద్దు, గైడ్ బండి ఎక్కు. మా నాన్న గైడే. ఎదురుగా ఇంకో గైడ్ వస్తే ఇద్దరూ బండ్లాపి, ముందు ఇంట్లోవాళ్ల క్షేమం అడుగుతారు. సింహం ఎక్కడుందో ఆ తర్వాతే."

నవ్వొచ్చింది. మా కోనసీమలోనూ దారి అడిగితే ముందు "ఎవరి తాలూకు?" అంటారు. ఇక్కడికొచ్చాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

తన స్టాప్ వచ్చింది. లేస్తూ అంది: "మా నాన్న బండే ఎక్కు. ఎదురొచ్చిన గైడ్‌లు మీ అమ్మాయి ఎలా ఉందని ఆయన్ని అడుగుతారు. మా భాష నీకు రాదులే. ఆయన మొహం చూసొచ్చి చెప్పు, చాలు."