కృష్ణవేణి అన్న మాట

తన్వి వచ్చేదాకా మోరిస్‌విల్‌లో కూచిపూడి అంటే కృష్ణవేణి ఇంటి గరాజే. తన్వి అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఆఫీసు పని చేసుకుంటూనే శనివారాలు డాన్స్ క్లాసు పెట్టింది. గోడల నిండా అద్దాలున్న స్టూడియో, నవ్వుమొహం, పిల్లలతో వాళ్ల ఇంగ్లీషులోనే కబుర్లు. కృష్ణవేణి దగ్గరి పిల్లలు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. తన్వి వీడియోలు చూస్తే ఆవిడకు ఒళ్లు మండేది, చూడకుండా ఉండలేకపోయేది. తప్పు దొరుకుతుందేమోనని మళ్లీ చూసేది. దొరక్కపోతే ఇంకా మండేది.

తెలుగు సంఘం దసరా ప్రోగ్రాంకి తన్వి బృందాన్ని పిలుస్తున్నారని తెలిసిన రోజు ఇక ఓర్చుకోలేకపోయింది. కమిటీలో ఉన్న ఉషతో, "ఆ పిల్లకి గురువంటూ ఎవరూ లేరంట. అంతా యూట్యూబ్ చూసి నేర్చుకుందంట" అంది. ఎవరో చెప్పినట్టే అంది గానీ, అలా చెప్పినవాళ్లెవరూ లేరు. తన్వి చిన్నప్పటినుంచీ ఎవరి దగ్గర నేర్చుకుందో ఆవిడకు బాగా తెలుసు. మాట వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టొచ్చింది. తన్వి చోటు కృష్ణవేణికి దక్కింది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం పక్కింటి నయోమీ తలుపు తట్టింది. ఆవిడ యూదు మతస్థురాలు.

"అప్పట్లో మీ క్లాసుకొచ్చే కార్ల గురించి కాలనీ అసోసియేషన్‌కి కంప్లయింట్ చేసింది నేనే. కార్లు నాకేమీ అడ్డం కాలేదు. మీ ఇంటికి ఇంతమంది వస్తుంటే చూడలేకపోయాను. క్షమించమని అడగడానికి వచ్చాను" అంది ఇంగ్లీషులో.

"అయ్యో, పర్లేదు" అంది కృష్ణవేణి, మొహమాటంగా.

"పర్లేదని తీసెయ్యకండి. మా కొత్త సంవత్సరం వస్తోంది. మనిషికి చేసిన తప్పు ఆ మనిషి దగ్గరే ఒప్పుకోవాలి. దేవుడికి చెప్పుకుంటే చాలదు."

ఒప్పేసుకుని తేలిగ్గా నడిచి వెళ్తున్న నయోమీని చూసి కృష్ణవేణికి ఆవిడ మీద కూడా కుళ్లు పుట్టింది. తను ప్రతి క్లాసుకూ ముందు, కాళ్లతో తొక్కబోతున్నందుకు క్షమించమని పిల్లల చేత భూమికి దండం పెట్టిస్తుంది. మనిషిని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

శుక్రవారం సాయంత్రం కృష్ణవేణి తన్వి స్టూడియోకి వెళ్లింది. "నేనేమన్నా తప్పుగా అని ఉంటే మనసులో పెట్టుకోకమ్మా."

"ఏం అన్నారు ఆంటీ?"

ఆ మాట పుట్టించిందెవరో తన్వికి నిజంగానే తెలియదు. అక్కడితో ఆగిపోవచ్చు. కృష్ణవేణి ఆగలేదు.

"నువ్వు యూట్యూబ్‌లో నేర్చుకున్నావని పుట్టించింది నేనే. అబద్ధమని తెలిసే అన్నాను. నిన్ను చూసి ఓర్వలేకపోయాను."

తన్వి కళ్లు ఎర్రబడ్డాయి. "ఆ మాట విని మా గురువుగారు కాల్ చేశారు ఆంటీ. గురువుగా నా పేరు చెప్పుకోడానికి నీకు సిగ్గా అని అడిగారు. నేను చాలా ఏడ్చాను." కళ్లు తుడుచుకుని, "ఫర్గివ్ చేస్తానో లేదో నాకు తెలీదు. ఫస్ట్ అందరికీ చెప్పండి" అంది.

కృష్ణవేణి కారులో కూర్చుని, తను చెప్పింది అబద్ధమని గ్రూపులో రాసింది. ఉషకు ఫోన్ చేసి, ప్రోగ్రాం తన్వికే ఇవ్వమంది. ఉష తిట్టిన తిట్లన్నీ విన్నది.

మర్నాడు గరాజులో క్లాసుకి పిల్లల్లో నిధి ఒక్కతే వచ్చింది. మిగతావాళ్లు ఎక్కడికి వెళ్లారో అడగనక్కర్లేదు. నిధి గజ్జెలు కట్టుకుంటూ తలెత్తింది.

"ఆంటీ, మీరు తన్వి అక్క గురించి లై చెప్పారా?"

"చెప్పానమ్మా."

"వై?"

"కుళ్లుతో."

"ఇప్పుడు పోయిందా?"

"లేదమ్మా" అంది కృష్ణవేణి.