క్యాథ్‌ల్యాబ్‌లో ఒంటి తుమ్ము

ఆ రోజుల్లో, అంటే మరీ పురాణకాలమేమీ కాదు, నాలుగేళ్ల కింద, నేను క్యాథ్‌ల్యాబ్ నర్సుగా మారిన వైనం ఒక మహాకావ్యం. అందులో మృత్యువు ఉంది, యుద్ధం ఉంది, కవచం కూడా ఉంది (ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసపు ఆప్రాన్, తొడుక్కుంటే ఇబ్రహీంపట్నం అంగడి మొత్తం భుజాలకు వేలాడినట్టుంటుంది). సరే, నిజం చెప్పేస్తాను. కావ్యం కాదు, ఒక తుమ్ము కథ.

మా బాపుకు గుండెనొప్పి వచ్చిన రోజు, పట్నం దవాఖానకని ఎక్కించిన ఆటో సగం దారిలో మన్నెగూడ చౌరస్తా చేరేసరికే ఆయన లేడు. అందుకే మూసుకుపోయిన గుండె నాళాలు తెరిచే ఈ గదిని కోరుకుంటున్నానని ఇంటర్వ్యూలో చెప్పాను. ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగిన మేడమ్ కళ్లు తుడుచుకుంది. మిగతా వార్డుల్లో ఖాళీల్లేవని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. రెండు కారణాలూ నిజమే.

చేరిన పదో రోజు మధ్యాహ్నం స్ట్రెచర్ మీద మా గల్లీ పాల తాత వచ్చాడు. నా చిన్నప్పుడు ఆయన మోపెడ్ పాల క్యాన్లతో మా ఇంటి ముందు నుంచే బయల్దేరేది. నాకు దుమ్ము పడదు. ఆయన కిక్కు కొట్టే సమయానికి సరిగ్గా ఒక్క తుమ్ము తుమ్మేదాన్ని. ఒంటి తుమ్ము అపశకునం కదా, తాత బండికి స్టాండేసి, మా అరుగు మీద కూర్చుని, మా అమ్మ ఇచ్చిన గుక్కెడు నీళ్లు తాగితే గానీ కదిలేవాడు కాదు. నా పుణ్యమా అని గల్లీ అంతటికీ చాయ్ ఆలస్యం. "నీ ముక్కుకు తాళమెయ్య" అని పక్కింటి అక్క రోజూ దీవించేది.

టోపీకీ మాస్కుకూ మధ్య ఉన్న నన్ను తాత గుర్తుపట్టలేదు. పట్టే స్థితిలోనూ లేడు. ఒళ్లంతా చెమట, ముఖం బూడిద రంగు. ఈసీజీ చూసి డాక్టర్ సార్ "జల్దీ" అన్నారు, అంతే. మణికట్టు శుభ్రం చేసి సూది ఎత్తారు. అప్పుడు తుమ్మాను. ఒక్కటే.

తాత చెయ్యి లాగేసుకున్నాడు. "ఆగున్రి. ఒంటి తుమ్ము." తల నా వైపు తిప్పి, "ఈ తుమ్ము నాకెర్కే. నువ్వు బట్టలు కుట్టేటామె బిడ్డవు గాదె?" అన్నాడు.

"అవ్ తాతా, నేనే."

"ఇన్నేండ్లయినా నీ ముక్కు బాగుగాలేదా?"

"కాలే. జర చెయ్యియ్యి."

"ఇయ్య. తుమ్మినంక పాలబండే తియ్యకపోతుంటి, గుండెల తీగ పెట్టనిస్తనా?"

రెండో తుమ్ముతో దోషం పోతుందని నటించి చూశాను. "దొంగ తుమ్ము" అన్నాడు, కళ్లు మూసుకునే. మానిటర్ మీద గీతలు తడబడ్డాయి. ఇన్‌ఛార్జి అక్క చూపులో నా ఉద్యోగం కనబడింది, వెళ్లిపోతూ. నాకు మాత్రం మన్నెగూడ చౌరస్తా కనబడింది.

దూది తడిపి ఆయన పెదాలకు అద్దాను. "మా అమ్మ ఇచ్చిందనుకో తాతా. నీళ్లు తాగినవ్. పండుకున్నా కూసున్నట్టే. ఇగ బండి తియ్యి."

ఆయన నాలుకతో పెదాలు తడుముకున్నాడు. "సల్లగున్నయ్" అని చెయ్యి చాపాడు.

సార్ మణికట్టు మళ్లీ తుడిచి సూది దించారు. కొంతసేపటికి తెర మీద, నడుమ తెగిపోయినట్టున్న గుండె నాళపు నల్లని పాయ చివరిదాకా పారింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సార్ గ్లవ్స్ విప్పుతూ, "తుమ్మొస్తే బయటికెళ్లి తుమ్మమ్మా" అన్నారు. నేను ఆప్రాన్లు తగిలించే చోట గోడవైపు తిరిగి ఏడ్చాను (బరువుకు భుజం పట్టేసిందని చెప్తే అందరూ నమ్మారు).

ఇంటికి పోయే రోజు తాత నన్ను పిలిపించాడు. "నీ తుమ్ము మంచిదే బిడ్డా. ఆపి, నీళ్లు తాపి పంపింది. లేకుంటే పోతుంటి." కాదనలేకపోయాను. బాపును ఆటో ఎక్కించిన రోజు నేనెందుకు తుమ్మలేదా అని చాలాకాలం ఆలోచించాను కూడా. అట్లా ఆలోచించిన ఆ పిల్లను, అంటే నన్నే, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెమే. మెషీన్ వేడెక్కకూడదని ఆ గదిలో ఏసీ పద్దెనిమిది మీద పెడతారు. అక్కడ పనిచేసే అందరికీ జలుబే, తుమ్ములే.