ముందు నడిచే మనిషి

గంప నెత్తిన ఉన్న మనిషికి మెడ తిరగదు. తిరిగితే చేపలు రోడ్డు పాలే. అందుకే ఎచ్చెర్ల దగ్గర ఆటో దిగి, హైవే దాటి, అవతలి ఊళ్లలో చేపలమ్ముకునే ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరుగా దాటుతారు. ముందున్న మనిషి అందరి తరఫునా చూస్తుంది. వెనకవాళ్లు ఆమె మడమలు చూస్తారు.

ఆ ముందు మనిషి గున్నమ్మ. రోడ్డు ఇరుకుగా ఉన్న రోజుల్నుంచి, నాలుగు వరసలై బళ్లు దూసుకుపోతున్న ఈ రోజులదాకా ఆ చోటు ఆమెదే. పెళ్లిళ్లలో కుర్చీ వేసినా మూలకి పోయి కూర్చునే మనిషి, ఆ చోటు మాత్రం ఎవరడిగినా మీదపడి కరుస్తుంది.

కుడికంటికి పొర కమ్మి కొన్నాళ్లయినా ఆమె ఎవరికీ చెప్పలేదు. కుడివైపు నుంచి వచ్చే బళ్లని చెవులతోనే కనిపెడుతూ నెట్టుకొస్తోంది. ఇది మొండితనమే, దానికి ఇంకో పేరు పెట్టక్కర్లేదు.

ఆరోజు ఆమె వెనక కోడలు నీలవేణి. ఐదో నెల, గంప వద్దన్నా వినలేదు. ఆ వెనక గున్నమ్మ ఆడపడుచు బుల్లమ్మ, మిగతావాళ్లు. దిగిన ఆటో ఇంకా గుడగుడలాడుతూనే ఉంది. ఆ మోతలో గున్నమ్మకి మరేదీ వినిపించలేదు. రోడ్డు ఖాళీ అనుకుని, “నడండే” అంటూ కాలేసింది.

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక బ్రేకులు కీచుమన్నాయి. చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఆ తిరిగే లోపల ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

లారీ చక్రం కింద గంప నుజ్జయి ఉంది. నీలవేణి రోడ్డంచున కూలబడి ఉంది. వెనక్కి లాగిన బుల్లమ్మ పిడికిట్లో ఆమె చీర చెంగు ఇంకా బిగిసే ఉంది.

ఆడవాళ్లంతా డ్రైవర్ని కిందికి లాగారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ నరసింగరావు వచ్చి వాడి కాలరు పట్టుకున్నాడు.

“ముందున్నామె జంకు లేకుండా దిగిందండి. నన్ను సూసింది, ఆగిపోద్దనుకున్నాను,” అన్నాడు డ్రైవరు.

“అబద్ధాలాడతన్నాడు బాబూ,” అంది బుల్లమ్మ. “మా వదిన సూడకుండా కాలెయ్యదు.”

గున్నమ్మ నోరు మూసుకుంటే చాలు. ఆ మాటే నిలబడేది. కానీ కోడలు రెండు చేతులూ కడుపుకి అడ్డం పెట్టుకుని కూర్చున్న తీరు చూశాక నోరు మూయడం ఆమె వల్ల కాలేదు.

“ఆడిది తప్పు నేదు. నాకు కుడికన్ను అవుపడదు. పొర కమ్మీసింది.”

“ఎన్నాళ్ల బట్టి?” అంది బుల్లమ్మ.

“నాగులచవితి కాడ్నుంచి.”

ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె మీంచి చూపు తిప్పుకున్నారు. తిట్టినా బాగుండేది.

నరసింగరావు కాలరు వదిలాడు. “అయితే కంటాపరేషన్ సేయించుకో. గొడవ తీరిపోద్ది.”

“సేయించుకుంతాను. మరి సాయంత్రం బడి పిల్లలు దాటాల కదా. ఆలకి రెండు కళ్లూ ఉన్నాయి. బళ్లు ఆగుతాయేటి? ఈ కాడ ఏదో ఒకటి అడ్డం పెట్టించు బాబూ.”

“బారికేడ్ల కోసం స్టేషన్లో అడుగుతాను. అందాకా నేనుంటాను,” అని అతను రోడ్డు మధ్యకి పోయి చెయ్యెత్తాడు. బళ్లు ఒక్కొక్కటే ఆగాయి.

బుల్లమ్మ గంపెత్తుకుని అందరికంటే ముందు నిలబడింది. నీలవేణి లేచి, అత్త పక్కనుంచే నడిచి, బుల్లమ్మ వెనక చేరింది. తలెత్తి చూడలేదు.

గున్నమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా, కోడలు తన వెనక నిలబడనందుకు మనసులోనే దండం పెట్టుకుంది.