పసుపు పూసిన క్యాసెట్టు

మా అమ్మను ఏళ్ల తరబడి ఒకటే అనుమానం తొలిచింది. నాన్న ఆమె కోసం ఒక చీర అంచు గీశానన్నాడు. నేసేలోపే పోయాడు. నిజంగా గీశాడా, ఊరికే అన్నాడా?

మైదుకూరు దగ్గర మాది మగ్గాల ఇల్లు. కర్నూలులో చదువుకునేటప్పుడు ఎవరో వాడి వదిలేసిన హోమ్ కంప్యూటర్ ఒకటి తెచ్చాను. చూడ్డానికి ఉత్త కీబోర్డు. టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చేది. కరెంటు పోతే చేసిందంతా పోయేది, మా ఊళ్లో కరెంటు పోని పూట లేదు. అందుకే పనంతా టేప్‌రికార్డర్‌తో క్యాసెట్టు మీదికి ఎక్కించుకోవాలి. నేను ఆటల కోసం తెస్తే నాన్న లాగేసుకున్నాడు. గళ్లు నింపి బొమ్మ చేయడం నేతగాడికి కొత్తా? అంచులు గీస్తూ కూర్చునేవాడు.

దసరాకు మగ్గంతో పాటు కంప్యూటర్‌కూ పూజ. అమ్మ క్యాసెట్టుకు కూడా పసుపు పెట్టేది. ఆయన పోయాకా మానలేదు. టేపు బయటికి కనిపించే సందులోనే, ఏటా, ముద్దగా.

ఇప్పుడు ఆ కంప్యూటర్ అభిమానుల గుంపు ఒకటి నా ఫోన్లో ఉంది. అందరూ తల నెరిసినవాళ్లే. మీటల రంగు గురించి పొద్దున్నే పోట్లాడుకుంటారు. కాకి పిల్ల కాకికి ముద్దు! కానీ ఒకరిది చెడితే ఇంకొకరు తమ పెట్టెలోంచి విడిభాగం తీసి పంపుతారు. అలాగే కడప నుంచి ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి కర్నూలులో ఇప్పుడు నేనూ అమ్మా ఉంటున్న ఇంటికొచ్చి, నాన్న పోయినప్పటి నుంచి మూలపడిన నా కంప్యూటర్‌ను లేపాడు. క్యాసెట్టు చూసి మాత్రం ముఖం ముడిచాడు.

"అక్కా, పసుపు టేపుకు పట్టుకొనుండాది. బొమ్మ ఉన్నచోట పడింటే ఇంగ రాదు."

నాకు ఒళ్లు మండింది. "ఏమ్మా, క్యాసెట్టుకు పసుపెందుకు పూస్తివి?"

"మీ నాయన పని గదా అది! పూయకుండా ఎట్లుంటా?" అమ్మ అంతకన్నా గట్టిగా కసిరింది.

బ్యాంకాయన క్యాసెట్టును వెలుతురుకు పట్టి చూశాడు. "ఉండక్కా. ఇది టేపు మొదలు. ఈడ ఉత్త ప్లాస్టిక్కే, ఏమీ రికార్డు కాదు. ఎవురో వెనక్కి చుట్టి పెట్టినారు."

ఎవరో ఏమిటి, నాన్నే. సగం పని మీద పసుపు పెట్టకూడదని, మగ్గం మీది చీర కోసి దించాకే పూజకు కూర్చునేవాడు. క్యాసెట్టునూ అలాగే మొదటికి చుట్టేవాడు. అమ్మ చేతి నుంచి దాన్ని కాపాడింది ఆ పట్టుదలే.

పసుపు తుడిచి టేపు నడిపించాం. అది కీచుమని అరిచింది. తెర మీద ఒక్కో గీతా దిగి, గళ్లు గళ్లుగా అంచు నిలబడింది. పొడుగునా కనకాంబరం మొగ్గలు, అమ్మ రోజూ తలలో పెట్టుకునేవి.

అమ్మ దగ్గరికొచ్చి, కొంగుతో తెర తుడిచి చూసింది.

"గీసే పోయినాడు," అంది. "నేనే ఇన్నేండ్లు నమ్మకపోతి."