తొట్టెల మీదుగా విమానం

తెలంగాణ ఉద్యమం రోజులవి. కర్మన్‌ఘాట్‌లో మేం కిరాయికున్న ఇంటి మీదుగా శిక్షణకు తిరిగే యుద్ధ విమానం పోయిందంటే కిటికీలు అదిరేవి, గల్లీలో పసిపిల్లలంతా గుక్కపెట్టి ఏడ్చేవాళ్లు. ఆ విమానాలను నేను తిట్టుకోని రోజు లేదు.

బంద్ నాడే మా పాపకు ఇరవై ఒకటో రోజు పడింది. బస్సుల్లేక చుట్టాలు ఎల్బీ నగర్ నుంచి నడిచొచ్చారు. పాపను తొట్టెలలో వేసి, మా ఆడబిడ్డ చెవిలో పేరు చెబుతుండగా విమానం వచ్చింది. అందరం చెవులు మూసుకున్నాం. పాప కదల్లేదు.

"ఎంత బుద్ధిమంతురాలండీ," అన్నారు ఇంటి ఓనరమ్మ. అందరూ నవ్వారు.

మా ఆడబిడ్డ నవ్వలేదు. పాప చెవి పక్కన చప్పట్లు కొట్టి చూసింది. "పిల్లను జర దవాఖానల చూపియ్యి వదినా," అంది మెల్లగా.

పుట్టుకతోనే వినపడదన్నారు డాక్టర్లు. నాకు నమ్మబుద్ధి కాలేదు. విమానం మోత వినగానే పని వదిలేసి తొట్టెల దగ్గరికి ఉరికేదాన్ని, ఈసారైనా ఏడుస్తుందేమోనని.